సగంలో ఆపిన పుస్తకాలు

గ్రంథాలయ శాస్త్రంలో పట్టా పుచ్చుకుని ఈ ఉద్యోగంలో చేరబోతున్న పిల్లలు అప్పుడప్పుడు నన్ను చూడటానికి వస్తుంటారు. అందరూ ఒకే ప్రశ్న అడుగుతారు: "మేడమ్, పని ఎక్కువగా ఉంటుందా?" ఎక్కువే ఉంటుంది. కాని అది మీరు చదువుకున్న పని కాదు. ఒక పుస్తకాన్ని దశాంశ బిందువు తర్వాత మూడో స్థానం దాకా లెక్కగట్టి, ఏ వరసలో ఏ పుస్తకం పక్కన నిలబెట్టాలో నాకు కచ్చితంగా తెలుసు. చేరిన మొదటి వారం పాఠకులు నన్ను అడిగినవి మాత్రం ఇవి: పేపరు వచ్చిందా, ఫ్యాను ఎందుకు తిరగడం లేదు, పక్కనున్న జిరాక్సు షాపు ఎప్పుడు తీస్తారు. వీటికి వర్గ సంఖ్యలు లేవు.

నేను ఎక్కువ కాలం పనిచేసిన శాఖ, గుంటూరు నుంచి వెళ్తే సత్తెనపల్లికి ఇవతల, పత్తి మిల్లులకూ మిర్చి కోల్డు స్టోరేజీలకూ మధ్యనున్న ఒక ఊళ్లో ఉండేది. ఊరి పేరు రాయను. రాస్తే నా పై అధికారుల పేర్లు కూడా రాసినట్టే అవుతుంది. వాళ్లలో కొందరు ఇంకా ఉద్యోగంలో ఉన్నారు. సన్మానాలు అందుకుంటూనే ఉన్నారు.

బదిలీల గురించీ పదోన్నతుల గురించీ ఇక్కడ చెప్పబోవడం లేదు. నా ఉద్యోగం మొత్తంలో మీకు పనికొచ్చే సంగతి ఒకటుంది. పిల్లల చేత ఇంట్లో రకరకాల పుస్తకాలు చదివించడానికి నేనొక పందెం పెట్టాను. దాన్ని మా శాఖా, మా ఊరూ కలిసి ఏం చేశాయో చెబుతాను.

పోని పుస్తకాలు

ముందు ఆ పందెం అవసరం ఎందుకొచ్చిందో చెప్పాలి. నా మొదటి పై అధికారికి జిల్లా అంతటా గొప్ప పేరుండేది. ఆయన పనిచేసిన చోట ఒక్క పుస్తకం కూడా పోలేదు. వార్షిక తనిఖీలో ప్రతి పుస్తకమూ తన స్థానంలో, నిటారుగా, కొత్త పెళ్లికొడుకులా నిలబడి కనిపించేది. ఇందులోని కిటుకు నేను చేరిన మర్నాడే తెలిసింది. పిల్లల పుస్తకాల బీరువా తాళంచెవి ఎప్పుడూ ఆయన బెల్టుకే వేలాడుతుండేది.

"పిల్లలు ముట్టుకుంటే చిరుగుతాయమ్మా" అన్నారు.

"చదివితే కూడా చిరుగుతాయి కదండీ" అన్నాను.

"అందుకే" అన్నారాయన.

ఆయన పదవీ విరమణ చేసిన వారంలోనే నేను ఆ బీరువా తెరిచాను. లోపలినుంచి కలరా ఉండల వాసన ఎంత ఘాటుగా వచ్చిందంటే, దినపత్రిక చదువుతున్న పెద్దమనిషి ఒకాయన లేచి బయటికి వెళ్లిపోయారు. తాళం తీస్తే పిల్లలు వస్తారనుకున్నాను. రాలేదు. ఈ వృత్తిలో నేను నేర్చుకున్న మొదటి పాఠం ఇది: తాళం వేసిన బీరువాకూ, ఎవరూ రాని తెరిచిన బీరువాకూ తనిఖీలో తేడా కనిపించదు. రెండింటికీ మెచ్చుకోలే వస్తుంది.

పిల్లలు రాకపోవడానికి కారణాలు గట్టివే. మా శాఖ ఉదయం కాసేపు, సాయంత్రం కాసేపు తెరిచి ఉండేది. ఉదయం బడి ఉంటుంది. సాయంత్రం ట్యూషను, లేదా ఆడపిల్లలను పంపరు. వేసవి సెలవుల్లో అయితే పల్నాటి ఎండకు పిల్లలు కాదు, కాకులు కూడా గడప దాటవు. రైతుల పిల్లలు అప్పటికింకా మిరపకాయ ఆరబోసిన కల్లాల దగ్గరే ఉంటారు. కాబట్టి పిల్లలు పుస్తకం దగ్గరికి రాకపోతే పుస్తకమే ఇంటికి వెళ్లాలి, ఇంట్లో ఒకరు దాని గురించి వినాలి అని నిర్ణయించుకున్నాను.

తొక్కుడుబిళ్ల కార్డు

పిల్లలకు చదవడం అలవాటు చేయడం కష్టం కాదు. ఒకే రకానికి అలవాటుపడకుండా చూడటం కష్టం. దయ్యాల కథలు రుచి మరిగిన పిల్లవాడు బీరువాలో దయ్యాలన్నీ అయిపోయాక, మళ్లీ మొదటి దయ్యం దగ్గరికే వస్తాడు. అందుకని ఒక అట్టకార్డు మీద తొక్కుడుబిళ్ల ఆటలాగా ఎనిమిది గళ్లు గీయించాను. జంతువు గురించో మొక్క గురించో ఒక గడి. చరిత్రకు ఒకటి. ఏదైనా వస్తువు ఎలా పనిచేస్తుందో చెప్పే పుస్తకానికి ఒకటి. ఒక మనిషి జీవితం, పాటలో పద్యాలో, నాటకం, వేరే దేశపు కథలు, వీటికి తలా ఒకటి. ఎనిమిదో గడిలో పుస్తకాన్ని ఇంట్లో పెద్దవాళ్లు ఎంచాలి. తొక్కుడుబిళ్లలో ఒకే గడిలో గెంతుతూ ఉండిపోతే ఆట కాదు కదా, ఇందులోనూ అంతే.

కార్డు వెనక మూడు నిబంధనలు అచ్చువేయించాను. ఒకటి: గళ్లను ఏ వరసలోనైనా నింపవచ్చు. రెండు: పుస్తకం అయ్యాక దాని గురించి ఇంట్లో ఒక పెద్దవారికి చెప్పాలి, వారు తమకు జవాబు తెలియని ప్రశ్న ఒకటి అడగాలి. మూడు: పుస్తకం నచ్చకపోతే సగంలో ఆపవచ్చు, ఎందుకు ఆపారో చెబితే ఆ గడి నిండినట్టే. అడుగున పెద్దవారి సంతకం.

మూడో నిబంధన రాసేటప్పుడు నేను చాలా ఆలోచించాను. నచ్చని పుస్తకాన్ని ఆఖరి పేజీ దాకా ఈడ్చిన పిల్ల ఇంకో పుస్తకం జోలికి పోదు. ఎందుకు నచ్చలేదో చెప్పగలిగిన పిల్ల మాత్రం, పూర్తిచేసిన చాలామంది కంటే బాగా చదివినట్టు.

జిల్లా కార్యాలయం నుంచి అప్పటి పై అధికారి తనిఖీకి వచ్చారు. ఆయనకు తాళాల మీద మోజు లేదు. ఫ్లెక్సీల మీద ఉంది. కార్డు అటూ ఇటూ తిప్పి చూశారు.

"బాగుందమ్మా. టార్గెట్ ఏది?"

"ఎనిమిది రకాలండి."

"రకాలు కాదమ్మా. ఎన్ని? పైకి రాయాలంటే ఒక అంకె కావాలి."

"గడికి ఒక పుస్తకమండి."

"ఎనిమిదా? ఎనిమిదని రాస్తే నవ్వుతారు." కాసేపు సీలింగు వైపు చూశారు. "ఒక కార్డు నిండితే ఇంకో కార్డు ఇవ్వండి. ఎవరు ఎక్కువ కార్డులు నింపితే వాళ్లకి ఫస్ట్ ప్రైజు." తర్వాత వెనకవైపు చదివి, "ఇదేంటి, సగంలో వదిలేయొచ్చా? ఇది తీసేయండి. వదిలేయడం మనమే నేర్పిస్తే ఎట్టా?" అన్నారు.

"అచ్చయిపోయిందండి" అన్నాను.

ప్రభుత్వ ఉద్యోగంలో ఇంతకంటే బలమైన వాదన లేదు. మూడో నిబంధన అలా బతికి బయటపడింది. బహుమతి మాత్రం అంకెకే ఖాయమైంది.

మందాన్ని బట్టి వర్గీకరణ

పుస్తకాన్ని విషయాన్ని బట్టి వర్గీకరించాలని నేను చదువుకున్నాను. ఆ వేసవిలో మా ఊరు ఆ శాస్త్రాన్ని పక్కన పెట్టి మందాన్ని బట్టి వర్గీకరించింది. ఏడో తరగతి అయిపోయిన మణికంఠ అనే పిల్లవాడి తల్లి మొదటి వారంలోనే వచ్చింది.

"మేడమ్, మావాడికి సన్నవి చూసి ఇవ్వండి. అక్షరాలు పెద్దయి ఉండాల."

"ఏ విషయం మీదండీ?"

"ఏదైనా పర్లేదండి. బొమ్మలెక్కువుంటే తొందరగా అయిపోద్ది. పక్కింటోళ్ల పిల్లోడు అప్పుడే రెండో కార్డులో ఉన్నాడంట."

వారం తిరక్కుండా సన్నటి పుస్తకాలన్నీ ఊరిమీద పడ్డాయి. ఒక్కోటి రోజుకు రెండిళ్లు తిరిగేది. లావుపాటివి బీరువాలో పూర్వపు అధికారి కాలంనాటి గౌరవంతో అలాగే నిలబడి ఉండేవి. ఒక తండ్రి ఈ పుస్తకాలకు గైడు దొరుకుతుందా అని అడిగాడు. లేదన్నాను. ఆయన నిరాశపడలేదు, ఎందుకంటే మర్నాటినుంచి మా వీధి చివరి ట్యూషన్ మాస్టారు ఆ కొరత తీర్చారు. సాయంత్రం రీడింగ్ ఛాలెంజ్ బ్యాచి మొదలైంది. మాస్టారు ఒక్కో పుస్తకం మొదటి పేజీ, ఆఖరి పేజీ చదివి సారాంశం చెప్పేవారు. పిల్లలు రాసుకునేవారు. తర్వాత 'ముఖ్యమైన ప్రశ్న' ఒకటి చెప్పేవారు. ఇంటికెళ్లాక తల్లిదండ్రులు ఆ ప్రశ్నే అడగాలి.

ఆ ముఖ్యమైన ప్రశ్న అన్ని పుస్తకాలకూ ఒకటే: "ఇందులో నీతి ఏమిటి?" జవాబు కూడా ఇంచుమించు ఒకటే: "ఐకమత్యమే బలము." ఆ వేసవిలో ఒంటెల పుస్తకంలోనూ ఐకమత్యమే బలమని తేలింది. సైకిలు ఎలా నడుస్తుందో వివరించే పుస్తకంలోనూ అదే తేలింది. ఆలోచిస్తే సైకిలు విషయంలో కొంత నిజం లేకపోలేదు. చైను సహకరించకపోతే పెడలు ఒక్కటీ ఏం చేస్తుంది?

పిల్లలను తప్పుపట్టకండి. అంకె అడిగిన చోట అంకే వస్తుంది.

ఒక ఇంటి సంగతి

ఈ హడావుడిలోనే కరీముల్లా గారు తన కూతురు షాహీనను వెంటబెట్టుకుని వచ్చారు. ఆయన గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారి. రోజూ పొద్దున్నే గుంటూరు వెళ్లి, మధ్యాహ్నానికి తిరిగొస్తారు. రైతులకూ కొనుగోలుదారులకూ మధ్య ఆయన మాట చెల్లుబాటవుతుంది. ఆ సంగతి ఆయన నడకలోనే తెలుస్తుంది.

"మేడమ్, ఈ పిల్లకి ఏడో తరగతి అయిపోయింది. జూన్‌లో గుంటూరు హాస్టల్లో వేస్తన్నా. సీటు కూడా రాయించా."

"నేను పోను" అంది షాహీన, నేలవైపు చూస్తూ.

"చూశారా? నెల్నుంచీ ఇదే పాట. అందుకని మాటిచ్చా. మీ పందెంలో ఫస్టొస్తే ఇంటికాడే ఉండి హైస్కూల్లో చదువుకోమన్నా. రాకపోతే హాస్టలుకే."

"పందెం అందుకోసం పెట్టలేదండి."

"ఎందుకోసం పెట్టినా ఫస్టనేది ఒకటి ఉండిద్దిగా మేడమ్."

ఉంది. నా పై అధికారి పుణ్యమా అని ఉంది. ఆయన కార్డు అడుగున సంతకం చేసి, పిల్లను అక్కడే వదిలి వెళ్లారు. గ్రంథపాలకులు పందెంలో ఎవరికీ సలహా ఇవ్వకూడదు. నేను ఇచ్చాను. సన్నటి పుస్తకాలు ఉన్న వరస చూపించాను. షాహీన ఒకటి తీసి అటూ ఇటూ తిప్పింది.

"ఇది మొదలవకముందే అయిపోతంది మేడమ్" అని దాన్ని యథాస్థానంలో పెట్టి, ఒంటెల మీద ఉన్న లావుపాటి పుస్తకం తీసుకుంది. సరైన స్థానంలో పెట్టినందుకు సంతోషించాలో, ఈ లెక్కన హాస్టలు తప్పదని బాధపడాలో నాకు తెలియలేదు.

మా శాఖకు శుక్రవారం సెలవు. ఇళ్లలో పందెం ఎలా జరుగుతోందో చూడాలని ఒక శుక్రవారం వాళ్లింటికి వెళ్లాను. వరండాలో కరీముల్లా గారి తల్లి హుస్సేన్‌బీ గారు కత్తిపీట ముందు కూర్చుని చింతపండు గింజ తీస్తున్నారు. ఆమెకు చదువు రాదు. షాహీన పక్కన కూర్చుని ఒంటెల సంగతి చెబుతోంది.

"అన్నాళ్లు నీళ్లు తాక్కుండా ఉండిద్దా?" అన్నారామె.

"ఉంటదంట నానమ్మా."

"మరి తల్లి ఒంటె నీళ్లు తాక్కపోతే పిల్లకి పాలెక్కడియ్యే?"

షాహీన పుస్తకం తిరగేసింది. "రాయలా."

"రాయకపోతే? నీకు తెలుసుకోబుద్ధి కాలా?"

"ఇంకో పుస్తకం తెచ్చుకుంటా."

అదీ సమస్య. ఈమె తనకు నిజంగా జవాబు తెలియని ప్రశ్నలు అడుగుతోంది. ఊళ్లో రెండో నిబంధన పాటిస్తున్నది బహుశా ఈ ఒక్క ఇల్లే. ఫలితంగా ఒక్క గడి నింపడానికి పిల్ల మూడు పుస్తకాలు చదువుతోంది. లెక్కలో మాత్రం అది ఒక్కటే.

చరిత్ర గడి కోసం తెచ్చుకున్న రాజుల పుస్తకాన్ని షాహీన అప్పటికే సగంలో ఆపేసింది. "ఎవరు ఎవర్ని చంపారో తప్ప ఇంకేం లేదు మేడమ్. అంతమంది సైన్యం పోతారంట, వాళ్లకి వండిపెట్టింది ఎవరో ఒక్క చోట కూడా లేదు."

"ఆపటమే మంచిది" అన్నారు హుస్సేన్‌బీ గారు. "నేను కూడా ఆ సీరియలు అట్టాగే ఆపేశా. ఏడాది నుంచీ ఆ పిల్లని ఆసుపత్రి మంచం మీంచి లేపరు."

అప్పుడే కరీముల్లా గారు యార్డు నుంచి వచ్చారు. చొక్కా నిండా మిరప దుమ్ము. గేటు దగ్గరే రెండుసార్లు తుమ్మి లోపలికి వచ్చారు.

"ఎన్ని గళ్లయినయ్?"

"అయిదు."

"ఆ మణికంఠ నాలుగో కార్డంట."

షాహీన పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకుంది. ఆమె కళ్లలో నీళ్లు నిలిచాయి.

"ఏరా, కాయ రంగు చూడకుండా ముందే తూకం వేస్తావా నువ్వు?" అన్నారు తల్లి.

"అది సరుకమ్మా. ఇది పిల్ల" అన్నారు కరీముల్లా గారు. తను ఏమన్నారో ఆయనకు తట్టినట్టు లేదు.

మచ్చు

బహుమతుల సభ పాఠశాల హాల్లో జరిగింది. వేదిక వెనక ఫ్లెక్సీలో పై అధికారి ఫొటో ఉంది. ఆయనకు పైనున్న అధికారి ఫొటో ఇంకా పెద్దగా ఉంది. పుస్తకం బొమ్మ ఉండవలసిన చోట, సభకు మజ్జిగ ప్యాకెట్లు ఇచ్చిన దాతగా కరీముల్లా గారి ఫొటో ఉంది. ఆ హోదాలో ఆయన వేదిక మీద కూర్చున్నారు. షాహీన తన ఒక్క కార్డూ, దానికోసం తీసుకున్న పుస్తకాలూ పట్టుకుని కింద మూడో వరసలో కూర్చుంది. ఆమె నానమ్మ పక్కనే ఉన్నారు.

అధికారి గారు ప్రసంగించి, మణికంఠను వేదిక మీదికి పిలిచారు. లాంఛనానికి ఒక ప్రశ్న అడగమని, ఆ పిల్లవాడు చదివినట్టు కార్డులో రాసుకున్న కథల పుస్తకం ఒకటి కరీముల్లా గారి చేతికిచ్చారు.

ఇక్కడ ఆ వ్యాపారం గురించి ఒక మాట చెప్పాలి. యార్డులో మిరపకాయ బస్తాను టిక్కీ అంటారు. దాని మూతి దగ్గరి కాయ చూసి ఎవరూ ధర కట్టరు. మేలైన ఎర్రటి కాయ ఎప్పుడూ పైనే ఉంటుంది. మోచేతి దాకా చెయ్యి దూర్చి, నడిమిలోంచి గుప్పెడు కాయ లాగి చూస్తారు. దాన్ని మచ్చు తీయడం అంటారు. రంగుపోయిన తాలు కాయ ఉంటే అక్కడే బయటపడుతుంది. కరీముల్లా గారు పుస్తకాన్ని కూడా అలాగే పట్టుకున్నారు. మొదటి పేజీ చూడలేదు, ఆఖరి పేజీ చూడలేదు. సరిగ్గా నడిమికి తెరిచి, వేలు పెట్టి నెమ్మదిగా చదివారు.

"'ఆ రోజు నుంచి అతడు చేపల బుట్ట మోయడం మానేశాడు.' ఎందుకు మానేశాడబ్బాయ్?"

మణికంఠ ట్యూషన్ మాస్టారి వైపు చూశాడు. మాస్టారు ఫ్లెక్సీ వైపు చూశారు.

"అది ఇంపార్టెంట్ కాదండి" అన్నాడు పిల్లవాడు.

"ఎవరు చెప్పారు?"

"మా సార్ చెప్పారండి."

హాలంతా నవ్వింది. అధికారి గారు "చిన్నపిల్లాడు, కంగారు పడ్డాడు" అని చప్పట్లు కొట్టించారు. కాని కరీముల్లా గారికి చెయ్యి ఊరుకోలేదు. ద్వితీయ బహుమతి పిల్లను పిలిపించి, ఆమె పుస్తకం కూడా నడిమికి తెరిచారు. ఆ పిల్ల ప్రశ్న పూర్తికాకముందే ఐకమత్యమే బలమని చెప్పేసింది.

"మా అమ్మాయిని కూడా పిలవండి" అన్నారాయన. షాహీన వచ్చింది. ఆయన ఆమె చేతిలోని పుస్తకాల్లోంచి ఒకటి తీసి తెరిచారు. అది రాజుల పుస్తకం.

"ఆ పేజీ దాకా నేను పోలా నాన్నా. అంతకుముందే ఆపేశా."

"ఆపేశావా? మరి గడి ఎట్టా నిండింది?"

"వెనక మూడోది చదువు. కింద నువ్వే సంతకం పెట్టావు."

ఆయన కార్డు తిప్పి మొదటిసారి చదివారు. ఊళ్లో మిగిలిన తండ్రులలాగే ఆయన కూడా చదవకుండానే సంతకం చేశారు. "ఎందుకు ఆపావు?" అన్నారు. షాహీన సైన్యం సంగతీ వంట సంగతీ చెప్పింది. ఈసారి హాల్లో ఎవరూ నవ్వలేదు. ఆడవాళ్ల వైపునుంచి ఒక గొంతు "నిజమేగా" అంది.

నేను అధికారి గారి దగ్గరికి వెళ్లి, మొదటి బహుమతి విషయం మరోసారి ఆలోచిద్దామా అని మెల్లగా అడిగాను.

"సర్టిఫికెట్ల మీద పేర్లు అచ్చయిపోయినాయమ్మా" అన్నారాయన.

దీనికి జవాబు లేదని నాకంటే బాగా ఎవరికి తెలుసు? మణికంఠకు ప్రథమ బహుమతి ఇచ్చారు. షాహీనకు అందరికీ ఇచ్చిన పెన్ను ఇచ్చారు.

సభ అయ్యాక గేటు దగ్గర కరీముల్లా గారు కూతురితో, "మాట మాటేనమ్మా. ఫస్టు రాలా" అన్నారు. ఆయన గొంతులో గెలిచిన ఉత్సాహం లేదు. అయినా యార్డులో మాట తప్పిన మనిషికి మర్నాడు సరుకు రాదు. ఆ పద్ధతి ఆయనకు ఇంట్లో కూడా వదలలేదు.

"పోతా" అంది షాహీన. "కానీ నువ్వు సంతకం పెట్టిన మూడోది హాస్టలుక్కూడా ఒప్పుకోవాల."

"ఏందది?"

"నచ్చకపోతే సగంలో ఆపుతా. ఎందుకాపానో చెప్తా."

ఆయన నావైపు చూశారు, నేనే నేర్పించినట్టు. నేర్పలేదు. నేర్పగలిగితే ఊళ్లో పిల్లలందరికీ ఎప్పుడో నేర్పి ఉండేదాన్ని.

"దసరా దాకా ఉండు" అన్నారు చివరికి. "సంవత్సరంలో సగం అప్పటికి అయిద్ది."

పైకి వెళ్లిన నివేదిక

జూన్‌లో షాహీన హాస్టలుకు వెళ్లింది. మా అధికారి గారి నివేదిక కూడా అదే నెలలో పైకి వెళ్లింది. అందులో ఒక పెద్ద అంకె ఉంది. ఆ అంకెను మెచ్చుకుంటూ, వచ్చే ఏడాదికి దాన్ని రెట్టింపు చేయవలసిందిగా జవాబు వచ్చింది. ఒంటె పిల్లకు పాలెక్కడివి అన్న ప్రశ్న ఆ నివేదికలో లేదు. దానికి గడి లేదు.

కొత్తగా చేరేవాళ్లకు నా అభిప్రాయం సూటిగా చెబుతాను. బహుమతి పెట్టకండి, పెట్టక తప్పకపోతే ఆఖరున చెప్పండి. పిల్లల కంటే ముందు ఇంట్లో పెద్దవాళ్లకు పని పెట్టండి, ఎందుకంటే వినేవాళ్లు లేని చదువు రెండో వారానికే ఆరిపోతుంది. చదువురాని పెద్దవాళ్లున్న ఇల్లు పనికిరాదని ఎప్పుడూ అనుకోకండి. మీకు ముఖ్యమైన నిబంధన ఏదైనా ఉంటే, పై అధికారి తనిఖీకి రాకముందే అచ్చువేయించండి.

ఇంకొకటి కూడా చెప్పాలి. వర్షాలు మొదలయ్యాక ఒక సాయంత్రం మణికంఠ ఒక్కడే వచ్చాడు. అమ్మ వెంట లేదు. బల్ల దగ్గర చాలాసేపు నిలబడి, ఎవరూ వినడం లేదని చూసుకుని అడిగాడు.

"మేడమ్, ఆయన బుట్ట మొయ్యటం ఎందుకు మానేశాడు?"

"నాకు తెలుసు. చెప్పను" అన్నాను.

పుస్తకం పట్టుకుపోయాడు. తిరిగి ఇచ్చేటప్పుడు అదే మనిషి రాసినవి ఇంకేమైనా ఉన్నాయా అని అడిగాడు. లావుగా ఉంటాయని హెచ్చరించాను. పర్లేదన్నాడు.

దసరా సెలవులు

దసరా సెలవులు ఇచ్చిన మర్నాడు ఉదయం, శాఖ తెరిచిన కాసేపటికే కరీముల్లా గారు, షాహీన, హుస్సేన్‌బీ గారు ముగ్గురూ వచ్చారు. దినపత్రికల బల్ల దగ్గర అరడజను మంది పెద్దమనుషులు ఉన్నారు.

"మేడమ్, మీరు మధ్యవర్తిగా ఉండాల" అన్నారు కరీముల్లా గారు. "సరుకు మీద తేడా వస్తే మేం మూడో మనిషిని పెట్టుకుంటాం. ఈ పిల్ల వెనక్కి పోనంటంది. కారణం చెప్పిద్దంట. అది కారణమో కాదో మీరు తేల్చండి."

షాహీన చిక్కలేదు, నల్లబడలేదు. జడ మాత్రం హాస్టలు పద్ధతిలో బిగించి రెండుగా మడిచి ఉంది.

"తిండి బాలేదా?" అడిగారు తండ్రి.

"బాగానే ఉంది."

"ఎవరన్నా కొట్టారా?"

"కొట్టలా."

"మార్కులు?"

"ఫస్టే."

"చూశారా మేడమ్" అని ఆయన రెండు చేతులూ చాచారు. "ఫస్టొచ్చి మానేస్తాననేదాన్ని నేనెక్కడా చూడలా."

"కారణం చెప్పమ్మా" అన్నాను.

షాహీన తండ్రి వైపు తిరిగి చెప్పింది. "ఒకరోజు పాఠం వింటంటే నవ్వొచ్చింది నాన్నా. నిజంగానే నవ్వొచ్చే పాఠం అది. నవ్వా. నిలబెట్టారు. ఎందుకు నవ్వావంటే చెప్పా. అక్కడి మేడమ్ విన్నారు. 'అది పరీక్షకి రాదు, కూర్చో' అన్నారు. ఆ తర్వాత ఏం చదివినా, ఇది పరీక్షకొచ్చిద్దా రాదా అనే చూస్తన్నా. నవ్వు రావటంలా."

"అంతేనా?"

"అంతే."

కరీముల్లా గారు నావైపు తిరిగారు. "ఇది కారణమేనా? మీరు చెప్పండి."

దినపత్రికలు ఒక్కొక్కటే కిందికి దిగాయి. నేను సొరుగులోంచి కార్డు ఒకటి తీసి, వెనకవైపు మరోసారి చదువుకున్నాను. ఇలాంటి సమయంలో మనకు తోచింది చెప్పకూడదు, రాసి ఉన్నదే చెప్పాలి.

"ఎందుకు ఆపారో చెప్పాలి అని ఉందండి" అన్నాను. "ఆ కారణం పెద్దవాళ్లకు నచ్చాలి అని ఎక్కడా లేదు."

ఆయన కార్డు తీసుకుని తను కూడా చదివారు. హుస్సేన్‌బీ గారు మనవరాలి చెయ్యి పట్టుకున్నారు.

"అంటే ఇంక నేను చెయ్యాల్సింది ఏం లేదంటారు."

"ఉందండి. సెలవులు అయ్యేలోపు హాస్టలు నుంచి పెట్టె తెచ్చుకోవాలి."

కరీముల్లా గారు కార్డు బల్లమీద పెట్టి లేచారు.

"రేపు కోల్డు స్టోరేజీ నుంచి గుంటూరు యార్డుకి సరుకు పోతంది" అన్నారు. "దించాక బండి ఖాళీగానే వచ్చిద్ది."